డ్రైవర్ పోయాడంట!

రేపల్లె చేపల మార్కెట్లో రత్తాలు నోటికి జడవని మనిషి లేడు. అలాంటి రత్తాలుకే ఆరోజు నోట మాట పడిపోయింది.

ఆమె మొగుడు గురునాథం నిజాంపట్నం రేవులో మరబోటు నడిపినవాడు. పేటలో అతన్ని అందరూ డ్రైవర్ అనే అంటారు. పక్షవాతమొచ్చి కుడిచెయ్యి చచ్చుబడ్డాక బోటు దిగాడు. ఇంట్లో మిగిలింది విండోస్ ఎక్స్‌పీ కాలంనాటి పాత కంప్యూటరు, అందులో పడవ నడిపే ఆట. వేళ్లకు కసరత్తుగా ఉంటుందని బాపట్ల డాక్టరుగారు అనడంతో కొత్త గేమ్ కంట్రోలర్ కొన్నాడు. పాత కంప్యూటరు దాన్ని గుర్తుపడితేనా? ఊహూఁ!

“చిన్నపిల్లాడివా ఆటలాడ్డానికి? పో, ఎటు పోతావో పో!” అని పొద్దున్నే రత్తాలు నోరు పారేసుకుంది. అతను కిక్కురుమనకుండా కంప్యూటరు డబ్బా సంచిలో పెట్టుకుని రైలెక్కాడు. తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసే వాజిద్ షాపులో అది ఇచ్చేసి, అటునుంచి బాపట్ల ఆసుపత్రికి పోవాలని. ఫోను ఇంట్లోనే మరిచిపోయాడు కాబట్టి షాపులో రత్తాలు నంబరిచ్చాడు.

రత్తాలు ఐసుకని వెళ్లినప్పుడు మార్కెట్లో బుట్ట దగ్గర వదిలిన ఆమె ఫోను మోగింది. పక్కన చేపలమ్మే లక్ష్మీతిరుపతమ్మ ఎత్తింది.

“తెనాలి వాజిద్ షాపు నుంచండి. మేం చెయ్యగలిగింది చేశామండి, డ్రైవర్ పోయింది. వచ్చి తీసుకెళ్లమనండి.”

డ్రైవర్ మగాడాయె, ‘పోయింది’ ఏంటి? లక్ష్మీతిరుపతమ్మ ఆ మాటను తనే సరిదిద్దుకుని గుండెలు బాదుకుంది. “ఓ రత్తాలక్కా! డ్రైవర్ పోయాడంట! వచ్చి తీసుకెళ్లమంటన్నారు!”

ఐసుగడ్డ నేలపాలైంది. తెనాలి బస్సులో రత్తాలు ఏడవను కూడా లేదు. “నేనే పొమ్మన్నాను” అన్న ఒక్క మాటే గొణుక్కుంటూ కూర్చుంది.

“ఎక్కడ పడుకోబెట్టారు బాబూ?” అంది షాపులో అడుగుపెడుతూనే.

“ఇదిగోండి పిన్నిగారూ!” వాజిద్ బల్ల మీద పక్కకు వాల్చిన కంప్యూటరు చూపించాడు. “డబ్బా కాదు బాబూ, పోయిన మా డ్రైవర్ ఏడీ?” అంది రత్తాలు. వాజిద్ తల పట్టుకున్నాడు. “అయ్యో, మనిషి కాదండి! కొత్త కంట్రోలర్‌ని కంప్యూటరుకి పరిచయంచేసే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటామండి. అదిప్పుడు పనిచేస్తంది కూడానండి, మీకు ఫోన్ చేశాక వేరే దారి దొరికింది.”

రత్తాలు గడపమీదే కూర్చుని మొగుడికోసం కాచుకుంది. సాయంత్రానికి బాపట్ల నుంచి వచ్చిన గురునాథం, “ఏంటే, నువ్విక్కడా?” అన్నాడు. రత్తాలు అతని వీపుమీద నాలుగు దెబ్బలేసి, అప్పుడు బావురుమంది.

ఇద్దరూ కంప్యూటరు సంచితో రేపల్లెలో దిగి, ఇంటి సందు మలుపులో కొయ్యబారిపోయారు. ఇంటిముందు షామియానా, కుర్చీలు, జనం! గురునాథం నడిచిరావడం చూసి ఒకామె కెవ్వుమంది. బోటు ఓనరు మోహనకృష్ణ చేతిలోని చామంతి దండను వీపు వెనక దాచాడు.

గురునాథం అందరినీ ఒక్కొక్కరుగా చూశాడు. “చెయ్యి పడిపోయి మంచంలో ఉన్నన్నాళ్లూ ఈ గుమ్మం తొక్కినోడు లేడు. పోయాననగానే ఇంతమంది వచ్చారా!”

ఒకరిద్దరు మెల్లగా జారుకోబోయారు.

“ఎక్కడికి?” రత్తాలు సందుకు అడ్డంగా నిలబడింది. “వచ్చారుగా, కూర్చోండి. డ్రైవర్ బోటు నడుపుతాడు, చూసి పోండి.”