మారుపేరు గడి

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఎవెర్లీదెస్ ఒక కార్డు నింపి, కంప్యూటర్ ఆపి, దాని మీద తను కుట్టిన పూలగుడ్డ కప్పింది. ఖాళీ కాఫీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని, "ఇవాళ అన్నంలోకి కొబ్బరి నువ్వే తురమాలే, నా భుజం లాగేస్తోంది" అని నెల్సీతో అంది. శనివారం పొద్దున్న చూస్తే తను పడుకునే వల ఊయలలోనే ప్రాణం పోయి ఉంది.

పుంతా మాంగ్లే అనే ఊరి ఆరోగ్యకేంద్రంలో రోగుల కార్డులు చూసే గుమస్తా ఆమె. నెల్సీ అక్కడే నర్సు. నాలుగేళ్లప్పుడు తల్లి పోతే ఈ పిన్ని దగ్గరే పెరిగింది. ఊరంతా ఆమెను "సెన్యో" అనేవారు, పంతులమ్మను పిలిచినంత మర్యాదగా.

ఆ ఊళ్లో సగం మంది బెరియో ఇంటిపేరువాళ్లు, తక్కిన సగం బెరియోల అల్లుళ్లు. బాప్తిస్మం పేరు చర్చిలో ఒకసారి, సమాధి మీద ఒకసారి పనికొస్తుంది. మధ్యలో బతుకంతా మారుపేరే. కొన్ని మొహం మీదే పిలుస్తారు, కొన్ని మనిషి వీధి మలుపు తిరిగాక. ఏది ఎలాంటిదో సెన్యోకి తెలుసు. పాత ప్రోగ్రాములో మారుపేరుకి ఒక గడి ఉండేది. అందులో నాలుగక్షరాలు కొట్టి కార్డు తీసి, పైకి మాత్రం "కూర్చో నాయనా, దొరికావు" అనేది. తనకొక్కదానికే ఊళ్లో మారుపేరు లేదని నెల్సీ గొప్పలు పోతే, పిన్ని కాఫీ చప్పరిస్తూ నవ్వుకునేది.

రెండేళ్ల కిందట ఒక సోమవారం కంప్యూటర్ తెరిస్తే కొత్త ప్రోగ్రాము వచ్చి ఉంది. రంగులు బాగున్నాయి. గడి లేదు. ఎందుకు లేదో ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. ఆమె జిల్లా కార్యాలయానికి ఫోన్ చేసింది.

"ఎవరు తీసేశారు బాబూ?"

"ఎవరూ తీయలేదండీ. కొత్తదాంట్లో రాదు, అంతే."

"పోనీ, ఉన్నది ఎక్కడికి పోయిందో అదైనా చెప్పు."

అవతల పాట పెట్టారు.

ఆ వారమే అరిస్తీదెస్ బెరియో జ్వరంతో వచ్చాడు. ఆ పేరుగలవాళ్లు ముగ్గురు. తెర మీద మొదట కనిపించిన కార్డు చూసి నెల్సీ సిరంజిలోకి పెన్సిలిన్ ఎక్కించింది. పిన్ని గుమ్మంలోంచి తొంగిచూసి, "ఆ కార్డు ఉప్పుచేపదే. ఈయన కొబ్బరిచిప్ప. పెన్సిలిన్ పడదు" అంది నెమ్మదిగా. నెల్సీ సిరంజి పక్కన పెట్టేసింది. ఆ భయమంతా పిన్ని మీద కోపమై తిరిగింది.

"ఇకనుంచి గుర్తింపు నంబరు అడుగు పిన్నీ. లోకమంతా అడుగుతోంది."

"జ్వరమొచ్చినవాడు మొహం తెచ్చుకుంటాడు గానీ నంబరు తెచ్చుకుంటాడటే?"

పిన్ని జిల్లాకి అయిదు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. ఆ తర్వాత గడి మాట ఎత్తడమే మానేసింది. మర్చిపోయిందనుకుంది నెల్సీ. రోగులు వెళ్లిపోయాక కూడా పిన్ని తెర ముందే కూర్చుంటుంటే, సీరియల్లో పిల్లకి పెళ్లయిందా అని నెల్సీ ఏడిపించేది. "పెళ్లికొడుకు ఇంకా ఆలోచిస్తున్నాడే" అనేది పిన్ని.

పోయిన పిన్ని కోసం తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిశాక నెల్సీయే ఆ పూలగుడ్డ తీసింది. కిటికీ దగ్గరికి ఒక ముసలావిడ వచ్చి మరియా బెరియో అని చెప్పింది. ఆ పేరుతో ఇరవై రెండు కార్డులున్నాయి. మొదటిది తెరిచింది. అడ్రసు కింద "ఇంటి గుర్తు" అనే గడి ఉంటుంది. అందరిళ్లూ అందరికీ తెలిసిన ఊళ్లో దాన్ని ఎవరూ నింపరు. అక్కడ "పిలవని పెళ్లి" అని ఉంది. రెండో కార్డులో "రెండు గొడుగులు". నెల్సీ తలెత్తి చూసింది. ముసలావిడ చంకలో ఒక గొడుగు, చేతిలో ఒక గొడుగు.

"కూర్చో అమ్మా, దొరికావు" అంది.

ఆ గడిలో కొట్టినా కార్డు దొరుకుతుందని జిల్లా కార్యాలయానికే తెలిసుండదు. ఊరంతా అందులో ఉంది. రెండువేల మూడువందల కార్డులు, రెండేళ్ల సాయంత్రాలు.

జనం వెళ్లిపోయాక నెల్సీ తన కార్డు తెరిచింది. ఇంటి గుర్తు గడిలో "సెన్యో కూతురు" అని ఉంది. కింద, చివరిసారి మార్చిన సమయం: ఆ శుక్రవారం, మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు.