మూతికి గరిటె కట్టుకున్న అల్లుడు

ఆత్మకూరులో మా అత్తగారింట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, కడుపునిండా చేపల పులుసు తిని, అత్తమామల ఎదుట, కట్టుకున్న భార్య ఎదుట నేను చచ్చిపోయాను. ఎంతసేపు అని అడక్కండి, పోయినవాడికి టైము తెలియదు. పోవడానికి కారణం నా రోగం కాదు, నా తెలివి. దానికి మా మస్తాన్ తెలివి తోడైంది. ఒక తెలివితో మనిషి ఎలాగో బతికేస్తాడు, రెండు కలిసినప్పుడే ఇలాంటివి జరుగుతాయి.

ఎనభైల నాటి మాట. నేను ఉదయగిరిలో హైస్కూలు టీచర్ని, పేరు దేవదానం. ఆకారం సంగతి అంటారా, నేను కూర్చున్న బెంచీ మీద రెండో మనిషి కూర్చోవాలంటే ముందు నా అనుమతి, తర్వాత దేవుడి దయ ఉండాలి. ఇక నిద్ర. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. నా నిద్ర చోటు కూడా ఎరగదు. పిల్లల్ని ఎక్కాలు చెప్పమని, పన్నెండో ఎక్కం సగంలో ఉండగా నేను గురకలోకి దిగిపోయేవాణ్ణి. ఒకసారి చర్చిలో పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీ స్వరం మాకు వినిపించు" అని ప్రార్థించారు. సరిగ్గా అప్పుడే మూడో వరుసలోంచి నా స్వరం వినిపించింది. ఆయన ఒక్క క్షణం ఆగి, "అది కాదు ప్రభువా" అని మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంతవరకూ నవ్వులాటే. పెళ్ళయి ఏడాది తిరగకముందే మా సుగుణ కళ్ళ కింద నల్లటి చారలు వచ్చాయి. చక్కగా నవ్వే పిల్ల, అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకునే తూలేది. ఒకరోజు పెట్టె సర్దుకుంది.

"మీ పక్కన నాకు కంటిమీద కునుకు లేదండీ. డాక్టరుకు చూపించుకోండి. ఇది నయమైందాకా మా అమ్మ దగ్గరుంటాను."

"గురక పెట్టినాడని మొగుణ్ణి వదిలేసి పొయ్యేవాళ్ళు యాడైనా ఉండారా?" అన్నాను, కాస్త రోషంగా.

సుగుణ నా మొహం చూసి ఏదో చెప్పబోయింది. ఇంతలో ఆత్మకూరు బస్సు హారన్ కొట్టింది. ఎక్కేసింది. ఆ చెప్పబోయిన మాట నేను అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ మగవాడికి రోషం వచ్చినప్పుడు చెవులు సెలవు పెడతాయి కదా.

వారం తిరక్కుండానే ఊరంతా పాకింది, దానం సారు గురకకు పెళ్ళాం పారిపోయిందంట అని. అది పెద్ద బాధ కాదు. ఇంటికొస్తే పలకరించే మనిషి లేదు, అదీ బాధ. నిజం చెబుతున్నా, సుగుణ లేని ఇంట్లో నాకు అన్నం సయించేది కాదు. అయినా నా ఒళ్ళు తగ్గలేదనుకోండి, అది వేరే సంగతి.

మద్రాసు వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించుకున్నాను. తెలుగాయనే. ఓపిగ్గా చెప్పాడు. "నిద్రలో మీ గొంతు మూసుకుపోతోంది. కాసేపు ఊపిరి ఆగిపోయి, మళ్ళీ గురకతో అందుకుంటోంది. ఒళ్ళు తగ్గించండి. పక్కకు తిరిగి పడుకోండి. విదేశాల్లో ఈమధ్య ఒక మిషను కనిపెట్టారు. ముక్కుకు తొడుగు పెడితే నిద్రపోయినంతసేపూ గాలి కొడుతూ ఉంటుంది. మన దగ్గరికి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది."

రోగి కోరిందీ, వైద్యుడు చెప్పిందీ ఒకటే అంటారు. నా విషయంలో వైద్యుడు చెప్పింది నాలుగు, రోగి విన్నది ఒకటి. గాలి కొట్టాలి! ఊపిరి ఆగిపోతుందన్న ముక్క చెవిలో పడింది కానీ తలకెక్కలేదు. ఒళ్ళు తగ్గించమన్న ముక్కయితే చెవిలోనే పడలేదు.

మస్తాన్ నాతో చదువుకున్నవాడు. ఉదయగిరిలో బావి మోటార్లకు వైండింగ్ కట్టే షాపు పెట్టుకున్నాడు. తిరిగేది ఏదైనా వాడి చేతిలో తిరిగి తీరుతుంది, తిరగాల్సిన వైపా కాదా అన్నది తర్వాత మాట. సంగతి మొత్తం విన్నాడు.

"గాలే కదరా దానం? దానికి విదేశం యెందుకు? కొలిమికి గాలి కొట్టే బ్లోయరు ఉండాది నా దగ్గర. దానికి మోటరు తగిలిస్తే అయిపాయె."

"కొలిమికి కొట్టే గాలి నా ముక్కుకా?"

"ఇనుము కరిగించే గాలికి నీ గురక కరగదా?"

ఇంత గట్టి వాదనను లెక్కల మాస్టర్నయిన నేను కూడా కాదనలేకపోయాను. మర్రిపాడు దారిలో బోల్తాపడ్డ లారీ నుంచి రబ్బరు గొట్టం సంపాదించాడు. మిగిలింది ముక్కు తొడుగు. రేకుతో చేస్తే కోసుకుంటుంది. మా ఉదయగిరి చెక్క గరిటెలకు పెట్టింది పేరు, మస్తాన్ చిన్నాయన అందులో చెయ్యి తిరిగినవాడు. ఆయన నా మొహం కొలత తీసుకుని, పెళ్ళిళ్ళలో సాంబారు వడ్డించే పెద్ద గరిటె ఒకటి చెక్కి, కాడ కోసేసి, అడుగున గొట్టానికి బెజ్జం పెట్టాడు. అంచుకు సైకిలు ట్యూబు అంటించారు. తలకు కట్టుకోవడానికి ఎలాస్టిక్ కావాలంటే, నా పాత డ్రాయరు ఒకటి త్యాగం చేశాను.

స్విచ్ వేశాడు. అయ్యా, ఆ గాలి! ముక్కులోంచి దూరి నోట్లోంచి బయటికొచ్చింది. నేను "ఆపరా" అందామని నోరు తెరిస్తే "బుర్ర్" అని మాత్రమే వచ్చింది. వాడు "బాగుండాదా, ఇంకొంచెం పెంచేదా?" అని పెంచాడు. నోరు తెరుచుకోకుండా తెల్ల తువ్వాలు గడ్డం కిందనుంచి తీసి నడినెత్తిన ముడి వేశాడు. దాంతో గాలి దారి మార్చుకుని కడుపులోకి పోయింది. మర్నాడు తొమ్మిదో తరగతిలో నేను బోర్డు మీద లెక్క వేసినంతసేపూ త్రేన్పులే. పిల్లలు అంకెలు రాసుకోవాలో, త్రేన్పులు లెక్కపెట్టుకోవాలో తెలియక అల్లాడిపోయారు.

అయినా అలవాటు పడ్డాను. చెంపల మీద వాతలు, ముక్కు లోపల ఎండి బీటలువారిన చేను. సుగుణ కోసం అన్నీ ఓర్చుకున్నాను. ఆ మోటరు మోతలో నా గురక నాకే కాదు, మస్తాన్‌కు కూడా వినిపించలేదు. "నయమైపాయె" అని వాడు సర్టిఫికెట్ ఇచ్చేశాడు.

ఆత్మకూరుకు కబురు పెట్టాను. మా మామ నమ్మే మనిషి కాదు. "ఆదివారం చర్చి అయినాక రమ్మనండి. భోంచేసి మా కళ్ళ ముందర నిద్రపోవాల. గురక లేదంటే పిల్లను తోలుకోని పోవచ్చు" అన్నాడట. పరీక్షలు పెట్టేవాణ్ణి నేను. నిద్రపోవడానికి నాకే పరీక్ష పెట్టారు.

బస్సు టాపు మీదికి మిషను ఎక్కిస్తుంటే కండక్టర్ అడిగాడు, "ఏంది సారూ, పిండి మిషనా?"

"నిద్ర మిషను" అన్నాడు మస్తాన్ గర్వంగా. కండక్టర్ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, దానిక్కూడా లగేజీ టికెట్ కొట్టాడు.

చేపల పులుసు అయింది. హాల్లో మంచం వేశారు. మామ కుర్చీ తెచ్చుకుని తలవైపు కూర్చున్నాడు. అత్త గుమ్మానికి ఆనుకుని నిలబడింది. సుగుణ వంటింటి తలుపు వెనకనుంచి చూస్తోంది. నెలన్నర తర్వాత చూడటం, కళ్ళ కింద చారలు పోయి మొహం కళకళలాడుతోంది. అది చూసి సంతోషించాలో, ఏడవాలో నాకు తెలియలేదు.

మస్తాన్ గరిటె బిగించి, తువ్వాలు ముడి వేశాడు.

"ఏందబ్బయ్యా అది, సాంబారు గరిటె మాదిరి ఉండాది?" అంది అత్త.

"సాంబారు గరిటేనమ్మా" అన్నాడు మస్తాన్.

స్విచ్ వేశాడు. లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు మోత. పక్కింటి మేకలు అరవడం మొదలెట్టాయి. మీరే చెప్పండి, అత్తమామలు కన్నార్పకుండా చూస్తుంటే ఎవరికి నిద్ర వస్తుంది? పన్నెండో ఎక్కం సగంలో నిద్రపోయే నాకు, ఆరోజు ఇరవయ్యో ఎక్కం దాటినా కునుకు రాలేదు.

ఇంతలో కరెంటు పోయింది.

ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దం. నా బుర్రలో దీపం వెలిగింది. ఇదే అదను! నిద్ర పట్టినట్టు గమ్మున పడుకుంటే చాలు, సాయంత్రం బస్సులో సుగుణ నా పక్క సీట్లో ఉంటుంది. కళ్ళు మూశాను. చిన్న చప్పుడు కూడా రాకూడదని ఊపిరి బిగబట్టాను.

"చూడు సుగుణా, నీ మొగుడు చిన్నబిడ్డ మాదిరి ఎట్ట నిద్రపోతా ఉండాడో" అంది అత్త.

"కరెంటు పోయినా పనిచేస్తా ఉండాదే మస్తానూ!" అన్నాడు మామ ఆశ్చర్యంగా.

"లోపల గాలి స్టాకు ఉంటాది మామా" అన్నాడు మస్తాన్.

గాజుల చప్పుడు దగ్గరికొచ్చింది. "ఏమండీ" అంది సుగుణ. నిద్రపోయేవాడు పలుకుతాడా? నేను పలకలేదు. భుజం పట్టి కుదిపింది. ఆహా, పరీక్ష గట్టిగా పెడుతోంది అనుకుని ఇంకా బిగబట్టాను.

"అమ్మా! ఊపిరి లేదు! ఆగిపోయింది, మళ్ళీ రాలేదు!"

ఆ కేకకు నేనే అదిరిపోయాను. అత్త పరిగెత్తుకొచ్చి చూసింది. వెల్లకిలా పడి ఉన్న మనిషి, గడ్డానికి తెల్ల తువ్వాలు. "అయ్యో నాయనా, గెడ్డం గూడా కట్టేసినారే!" అని గుండెలు బాదుకుంది. నేను బతికే ఉన్నానని చెబుదామని "ఊఁ ఊఁ" అన్నాను. నోరు కట్టేసి ఉంటే అంతకంటే ఏమొస్తుంది?

"పొయ్యేముందర ఏందో చెప్పాలని చూస్తా ఉండాడు!" అని మామ నా నోటి దగ్గర చెవి పెట్టాడు.

సుగుణ బిందెడు నీళ్ళు తెచ్చి నా మొహాన కుమ్మరించింది. "మోటరు మీద పొయ్యొద్దు చెల్లెమ్మా!" అని మస్తాన్ అరిచేలోపే గరిటె నిండి, గొట్టం నిండి, కరెంటు వచ్చింది. ఆ గొట్టంలోని నీళ్ళన్నీ ఒక్క ఊపున నా ముక్కులోకి, గరిటె ఎగిరిపోయి మామ మొహం మీదికి. మోటరు "ఢబ్" మని పొగ వదిలింది. నేను ఊరు వినేలా తుమ్ముతూ లేచి కూర్చున్నాను. చచ్చినవాడు లేచాడని మామ మొహం తుడుచుకుంటూ వీధి గుమ్మం దాకా పరిగెత్తి, అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"అల్లుడూ, నిద్రపోయినావా, నటించినావా?"

తువ్వాలు ఊడదీసుకుని, "నటించినాను మామా. గురక లేదనిపించుకుందామని" అన్నాను.

సుగుణ నేలమీద కూలబడి ఏడ్చింది. "గురకతో నాకేంది బాధ? అది వినిపిస్తా ఉంటే నేనూ నిద్రపోతాను. అది ఆగినప్పుడే లేచి కూర్చుంటాను. మళ్ళీ వస్తాదా రాదా అని మీ మొహం చూస్తా, కుదుపుతా తెల్లవార్లూ కూర్చున్నాను. మీకు చెబితే భయపడతారని చెప్పలేదు. ఒక్కదాన్నే భయపడలేక ఇక్కడికొచ్చినాను."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా పెళ్ళాం మొగుడు గురక పెట్టినందుకు కాదు, పెట్టనందుకు ఏడ్చింది. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. నా చప్పుడుకు పారిపోయిందనుకున్న మనిషి, నా చప్పుడు కోసమే మేలుకుని కూర్చుందన్నమాట. అప్పుడు డాక్టరు చెప్పిన మిగతా మూడు ముక్కలూ గుర్తొచ్చి, సిగ్గుపడుతూ అందరికీ చెప్పాను.

మామ వెంటనే తీర్పు మార్చేశాడు. "పక్కకు తిరిగి పండుకో. ఇప్పుడు గురక పెట్టాల. మేం వినాల."

పొడి లుంగీ కట్టుకుని పక్కకు తిరిగాను. వెల్లకిలా పొర్లకుండా సుగుణ వీపు వెనక కూర్చుంది. ఈసారి ఏ ఎక్కమూ అక్కర్లేకపోయింది. మెలకువ వచ్చేసరికి ముగ్గురూ తీరిగ్గా టీ తాగుతున్నారు. "బండి బాగా నడిచింది నాయనా, యాడా ఆగలా" అంది అత్త తృప్తిగా.

సాయంత్రం బస్సులో సుగుణ నా పక్కనే కూర్చుంది. ఆత్మకూరు దాటకముందే ఆమె భుజం మీద తల పెట్టి మొదలెట్టానట. బస్సంతా వెనక్కి తిరిగి చూసిందట. సుగుణ ఏమాత్రం సిగ్గుపడకుండా, "ఏం లేదు, మా ఆయన బతికే ఉండాడు" అని అందరికీ చెప్పిందట.

అందువల్ల, కాలిపోయిన ఆ మోటరు మీద చెయ్యి వేసి ఆనాడే గట్టిగా ప్రమాణం చేశాను. ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకూ నిశ్శబ్దంగా నిద్రపోను. ఆ చివరి ఒక్క రోజు తప్ప. ఆ రోజు కూడా సుగుణ ఒప్పుకుంటేనే.