బేస్తారం నాడు నేను ఏసిన తాళం

ముందుగాల ఒక మాట. నేను దయ్యాలను నమ్మినోణ్ని కాదు. మా రూమ్‌ల ఎవలన్న దయ్యం కథ మొదలువెడితె, "దానికి వీసా ఎవడిచ్చిండు? కార్డు చూపియ్యమను" అని నవ్వేటోణ్ని. ఇప్పుడు గూడ నమ్ముతున్న అని చెప్తలేను. నేను చెప్పే దాంట్ల సచ్చిపోయినోళ్లు ఎవ్వలు లేరు.

రాసుడు నాకు అలవాటు లేదు. ఐదో తరగతి సగంల బడి ఇడిసిపెట్టిన. ఇంటికి జాబులు తప్ప ఏం రాయలే. తప్పులుంటే మీరే సదురుకోన్రి. జరిగింది జరిగినట్టు చెప్త.

తొంభైల మొదట్ల సంగతి. ఒమాన్‌ల, మస్కట్ పక్కకు అల్ హైల్‌ల ఒక కోల్డ్ స్టోర్‌ల పనిచేస్తుంటి. మాది జగిత్యాల దిక్కు. ఎండల పుట్టి పెరిగినోణ్ని తీస్కపోయి ఐస్‌ల పెట్టిన్రు. గడ్డకట్టిన కోళ్లు, చేపలు డబ్బాలల్ల వస్తుండె. లోపల మైనస్ పద్దెనిమిది, బయట నలభై. తలుపు డ్యూటీ నాదే. తాళంచెయ్యి నా నడుముకే ఉండె.

తలుపు పక్కన గోడకు ఐదు కొక్కేలు, ఐదు లావు కోట్లు. లోపలికి పోయేటోడు కోటు తొడుక్కొని పోవాలె, బయటికొచ్చి మళ్ల తగిలియ్యాలె. కొక్కెం ఖాళీ ఉన్నదంటే లోపల మనిషి ఉన్నట్టు. ఐదు కోట్లు కనవడితెనే లైటు బంద్ చేసి తాళం ఏసుడు. తలుపు లోపల నుంచి నూకితె తెరుసుకుంటది గని, బయట తాళం పడితె ఇగ తెరుసుకోదు. అందుకే నేను ప్రతిసారి కోట్లు చూసుకుంటుంటి. నాలుగేండ్లల ఒక్కసారి గూడ తప్పలే.

మా అర్బాబ్, అంటె స్టోర్ యజమాని, ఒమానీ ఆయన. మంచోడు, మాతోని హిందీల మాట్లాడుతుండె, నర్సయ్య అనరాక నన్ను నర్సీ అంటుండె. ఆ ఏడు పిల్లల్ని తీసుకొని ఏదో మంచు దేశం పోవాలె అని తయారైండు. ఒక రంగుల పుస్తకం తెచ్చి నాకు చూపించిండు. రెండు కొండల నడుమ లోయ, లోయల కట్టె ఇండ్లు, తాడుకు యాలాడే కుర్సీలు. మనుషులు కాళ్లకు పొడుగు పలకలు కట్టుకొని మంచు మీద జారుతున్నరు.

"దీనికి పైసలు గూడ కట్టాల్నా అర్బాబ్?" అని అడిగిన.

"మస్తు కట్టాలె" అని నవ్విండు. "నర్సీ, సలిల నువ్వే మాస్టర్‌వి. నా పిల్లలు సలి ఎట్లుంటదో చూడలే. ఏమేం కావాలెనో చెప్పు, రాసుకుంట."

నిజంగనే డైరీ తీసి రాసుకున్నడు. నాకు ఎంత సంబరమైందో. సదువు రానోడు చెప్తుంటే అర్బాబ్ రాసుకునుడు. లావు సాక్స్ ఒకటి వద్దు, సన్నయి రెండు ఎయ్యిన్రి అన్న. చెవులు మూసుకోవాలె అన్న. ఒంటికి చెమట పట్టనియ్యద్దు, పడితె అదే గడ్డకడ్తది అన్న. ఆఖరుకు మా పనోళ్ల పద్ధతి ఒకటి చెప్పిన. కాళ్లు మొద్దుబారితె రుద్దద్దు, మంట కాడ పెట్టద్దు. బూట్లు ఇప్పి, పక్కోని అంగి లేపి, ఒట్టి కడుపుకు ఆ పాదాలు ఆనించాలె. అట్ల పెట్టుకున్నోనికి పానం పోయినట్టు అయితది గని, మొద్దువారిన కాళ్లు మళ్ల దారికొస్తయి.

అర్బాబ్ చిన్నబిడ్డ మర్యం ఆడనే ఉండె. ఆరేండ్లది. నేను అంగి లేపి చూపిస్తుంటె కిసకిస నవ్వింది.

అక్టోబర్‌ల బట్టలు వచ్చినయి. మెత్తగ దూది నింపిన కోట్లు, ప్యాంట్లు, టోపీలు. బూట్లయితె రాయి లెక్క, పక్కలకు ఇనుప క్లిప్పులు. ఒక బేస్తారం పన్నెండున్నరకు అర్బాబ్ పిల్లలందర్ని పట్టుకొచ్చిండు, కోల్డ్ స్టోర్‌ల బట్టలు సరిచూద్దామని. ఆయన పిల్లలు ముగ్గురు, తమ్ముని పిల్లలు ముగ్గురు. రెండు కార్లు. తమ్ముడు ఒక కారు నడుపుకొచ్చిండు.

మర్యం బూట్ల క్లిప్పులు నేనే పెట్టిన. కొత్తయి గద, రెండు చేతుల బలంతోని నొక్కితె గని పడలే.

పిల్లలు జాతరకు వచ్చినట్టు చేసిన్రు. లోపలికి ఉరుకుడు, ఒర్రుకుంట బయటికి వచ్చుడు, మళ్ల ఉరుకుడు. నోట్ల నుంచి పొగ వస్తుందని ఒకల మీద ఒకలు ఊదుకునుడు. ఒంటిగంటకు స్టోర్ బంద్ చేసే యాల్ల అయింది. నాలుగు గంటల దాక మళ్ల తెరువము. అర్బాబ్ "యల్లా యల్లా" అన్నడు, అందరు ఎక్కిన్రు, రెండు కార్లు పోయినయి.

నేను కొక్కేల దిక్కు చూసిన. ఐదు కోట్లు ఉన్నయి. లైటు బంద్ చేసిన. తాళం ఏసిన.

పిల్లలు వాళ్ల సొంత కోట్లు తొడుక్కొని లోపలికి పోయిన్రు గద. ఆ మాట నా బుర్రకు తట్టలే.

మా రూమ్ అయిదు నిమిషాల నడక. నాతోని అన్వర్ భాయ్ ఉంటుండె, కడపాయన, టైర్ల షాపుల పని. ఇద్దరం అన్నం తిని పండుకున్నం. రూమ్‌ల ఏసీ పాడై వారమైంది. పంకా తిరిగితె ఏడి గాలే వస్తుండె.

నాకు నిద్ర పడ్తలేదు. ఇటు బొర్రిన, అటు బొర్రిన. లేసి కూసున్న, మళ్ల ఒరిగిన. ఎందుకో పానం ఒక్క తీరుగ లేదు. గంతల కడుపు మీద సల్లగ తాకింది. ముందుగాల కొంచెం. తర్వాత ఎవలో రెండు ఐస్ ముక్కలు ఆనించి అదిమినట్టు. చెయ్యి పెట్టి చూసుకుంటె రెండు జాగల్ల సల్లగుంది, మిగిలిన ఒళ్లంత చెమట.

"ఏందబ్బా, నూనెలో పూరీ మాదిరి పొర్లుతాండావు" అని అన్వర్ భాయ్ లేసిండు. కడుపు చూపించిన. ఆయన చెయ్యి పెట్టి ఎంటనే తీసిండు.

"యా అల్లా! ఫ్రిడ్జిలో పెట్టిన సొరకాయ ఉన్నట్టుండాదే! ఏం తిన్యావు?"

"నువ్వు వండిందే తిన్న గద భాయ్."

"నా వంటను అనొద్దు" అని ఉప్పు ఏడి జేసి గుడ్డల కట్టి కాపుడం పెట్టిండు. ఉప్పు సల్లారింది గని కడుపు ఏడి కాలే. ఇంక లోపలికి దిగుతున్నట్టు అయింది. దవడలు కొట్టుకున్నయి. ఆ ఎండల నేను వణుకుడు చూసి ఆయనకు భయమైంది. డాక్టర్ దగ్గరికి పోదాం అన్నడు.

నేను పండుకోలేక, కూసోలేక బయటికి వచ్చిన. ఎండల నిలవడ్డ. తక్కువ కాలే. నడిసిన. నడుసుకుంట స్టోర్ దిక్కు పోయిన. ఎందుకు పోయినవు అంటె చెప్పరాదు. ఒక్కటి మాత్రం నిజం చెప్త. మర్యం నా యాదిల లేదు. ఒక్కసారి గూడ రాలే. పిల్లను కాపాడుదామని నేను పోలే.

తాళం తీసిన. లైటు ఏసిన. అప్పుడు రెండు దాటింది. అంటె గంట పైన అయింది.

కోళ్ల డబ్బాల ఎనుక సందుల మర్యం కూసోనుంది. ఒంటి మీద కోటు, టోపీ అన్నీ ఉన్నయి. బూట్లు మాత్రం ఇప్పి పక్కన పెట్టి ఉన్నయి, సాక్సులు మడిచి బూట్లల్ల పెట్టి. క్లిప్పులు అన్నీ తీసి ఉన్నయి. పిల్ల ఒట్టి కాళ్లు ముందుకు సాపుకొని ఉంది.

ఉరికి ఎత్తుకున్న. పాదాలు పట్టి చూస్తె ఏడిగ ఉన్నయి. అప్పుడే పొయ్యి కాడ నుంచి లేసొచ్చినట్టు. చెంపలు సల్లగ, ముక్కు సల్లగ, పాదాలు ఏడి. మైనస్ పద్దెనిమిదిల, సీకట్ల, గంట.

పిల్ల ఏడుస్తలేదు. కోపంతోని నన్నే అడిగింది, అరబ్బీల. గంత అరబ్బీ నాకు వచ్చు. "ఎటు పోయినవ్? ఇప్పటిదాక ఈడనే ఉన్నవ్ గద."

బయటికి తెచ్చేసరికి అర్బాబ్ కారు వచ్చింది. ఇంటికి పోయినంక చూసుకున్నరట. ఈ కార్ల లేకుంటె ఆ కార్ల ఉందని రెండు కార్లోళ్లు అనుకున్నరు. అన్నానికి పిలిచేదాక తెల్వలే. అర్బాబ్ మొఖం సున్నం లెక్క తెల్లగైంది. పిల్లను గుంజుకున్నడు. పిల్ల ఆయనకు గడగడ చెప్పింది. తలుపు పడ్డదట. సీకటైందట. కాళ్లు నొచ్చినయట. నర్సీ పక్కన కూసోని బూట్లు ఇప్పిండట, కాళ్లు కడుపు మీద పెట్టుకున్నడట, బాబాకు చెప్పినట్టే చేసిండట. నర్సీ ఒక్క మాట మాట్లాడలేదట, దవడలు మాత్రం కొట్టుకున్నయట.

అర్బాబ్ నా అంగి లేపిండు. రెండు మచ్చలు, ఎర్రగ, నడుమ తెల్లగ. నన్ను కావలిచ్చుకొని నుదురు మీద ముద్దు పెట్టిండు. ఏడ్సిండు. తాళం ఏసింది నేనే, నేను లోపల లేను అని చెప్పలే. చెప్తె వీసా క్యాన్సిల్, జైలు గూడ. భయపడ్డ. అది గూడ నిజమే.

ఆయనే నన్ను క్లినిక్‌కు తీసుకపోయిండు. డాక్టర్ మలయాళీ. చూసి, ఇది ఐస్‌తోని కాలింది, సలిల పనిచేసేటోళ్లకు అవుతది అన్నడు. మందు రాసిచ్చిండు. పదిరోజులకు తోలు ఊడింది.

నేను ఊకె ఒప్పుకోలే. మస్తు ఆలోచించిన. పొద్దుగాల డబ్బాలు కడుపుకు ఆనించి మోసిన, దానితోని అయిందేమో అనుకున్న. గని డబ్బాలకు ఐదేసి కాలివేళ్లు ఉండవు, ఆ మచ్చలకు ఉండె. క్లిప్పులు పిల్లలాటల ఊడినయేమో అనుకున్న, కావచ్చు. పాదాలు ఏడిగ ఎందుకున్నయో దానికి మాత్రం ఏ జవాబు దొరకలే. పిల్లకు భయంల అట్ల అనిపించిందేమో అని గూడ అనుకున్న. మరి అన్వర్ భాయ్ చెయ్యి పెట్టి చూసిండు గద, ఆయనకేం భయం?

అన్వర్ భాయ్‌కి అన్నీ చెప్పిన. "నువ్వు లోపల ఉండావో లేదో నాకు తెల్దు నర్సయ్యా. ఇక్కడ మాత్రం నా పక్కనే ఉండావు. ఖురాన్ మీద చెయ్యేసి చెప్తా" అన్నడు. ఆ పిల్లను అడిగితె అది గూడ ఒట్టేసి చెప్తది. ఇద్దర్ల ఎవ్వలు అబద్ధం ఆడేటోళ్లు కాదు.

జనవరిల వాళ్లు మంచుకు పోయొచ్చిన్రు. పిల్లలు బాగ జారిన్రట. నేను ఇంక మూడేండ్లు ఆడనే చేసిన. నా మనసు ఒక్కనాడు నిమ్మళం లేదు. తాళం ఏసి సగం దూరం పోయి మళ్ల వచ్చి తెరుస్తుంటి. ఖాళీ రూమ్‌ల లైటు ఏసి, సందు సందు తిరిగి, ఎవ్వలు లేరని చూసుకొని పోతుంటి. తోటోళ్లు పిచ్చి పట్టిందన్నరు.

ఎవలు ఇంటికి వచ్చినా అర్బాబ్ నన్ను పిలిచి చూపిస్తుండె, నా బిడ్డ పానం కాపాడినోడు అని. వీసా రద్దు చేసుకొని ఎక్సిట్ మీద ఇంటికి వచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు ఆయనే తెచ్చి దించిండు. మర్యం గూడ వచ్చింది, అప్పటికి పెద్దగైంది. నువ్వు లోపల ఉంటె బయట తాళం ఎవలు ఏసిన్రు అని ఆ మూడేండ్లల వాళ్లు ఎవ్వలు అడగలే. అడుగుతరేమో అని ఆ రోజు గూడ ఎనుకకు మర్లి చూడకుంట లోపలికి పోయిన.

తాళం ఏసింది నేనే. అది నాకు ఎరుకే. లోపల ఆ పిల్ల పక్కన కూసున్నది ఎవలో, నేనే అయితె ఎట్లనో, ఇప్పటిదాక నాకు తెల్వది.