టీపాట్ అడుగున మురికి

ఆ పాత హోటల్లో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆమె మెరుపమ్మ. ఇరవై ఆరేళ్ళుగా భోజనాల హాలు వెనక చిన్న గదిలో, కిటికీ పక్కన ముక్కాలి పీట వేసుకుని, వెండి చెంచాలు, పాల జగ్గులు, పంచదార గిన్నెలు తోముతూనే ఉంది. ఎక్కడైనా మచ్చ కనబడితే ఆమెకు ముద్ద దిగదు. ఒకసారి విందులో సూపు తాగుతున్న అతిథి చేతిలోంచి చెంచా లాక్కుని, "ఒక్క నిమిషం బాబూ," అని తుడిచి మళ్ళీ చేతిలో పెట్టింది. అంతసేపూ ఆ పెద్దమనిషి నోరు తెరుచుకునే కూర్చున్నాడు, పాపం. ఇంట్లోనూ అదే వరస. ఆమె తోముడికి భయపడి మొగుడు తన కళ్ళద్దాలు బియ్యం డబ్బాలో దాచుకునేవాడు.

అలాంటి మనిషి మీద దొంగతనం నింద పడింది!

హోటల్ వాళ్ళకి నూట యాభై ఏళ్ళ నాటి వెండి టీపాట్ ఒకటుంది. దాని అడుగున నాలుగు ముద్రలున్నాయని పాత జాబితాలో రాసి ఉంది: నడుస్తున్న సింహం, చిరుతపులి తల, తయారైన ఏడాదిని చెప్పే ఒక అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు. సింహం ముద్ర ఉంటేనే అది ఇంగ్లండులో పరీక్షించి ముద్ర వేసిన మేలిరకం వెండి, అంటే అసలైన స్టెర్లింగ్ అని లెక్క. సామాను పరీక్షించడానికి వచ్చిన వెండి నిపుణుడు భూతద్దం పెట్టి చూస్తే ఏముంది? అడుగు అద్దంలా ఉంది. సింహం లేదు, చిరుత లేదు, కనీసం చీమ కూడా లేదు. తూకం కూడా జాబితాలో రాసినదానికన్నా కాస్త తక్కువే తేలింది.

"అసలుది ఎవరో మార్చేశారు," అన్నాడు మేనేజరు, పనివాళ్ళందరి ముందూ. ఆ ఎవరో అంటున్నప్పుడు ఆయన చూపు మెరుపమ్మ మీదే ఉంది. బీరువా తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది మరి. "నీకు శుక్రవారం దాకా టైమిస్తున్నా. నిజం చెప్పలేదో, ఉద్యోగం పోతుంది, పోలీసులూ వస్తారు."

ఈ మేనేజరు చేరి మూడేళ్ళు కాలేదు. బల్ల మీద ఫోర్కు ఏ పక్కన పెట్టాలో ఆయనకి నేర్పింది మెరుపమ్మే. విశ్వాసం అంటే ఇలా ఉండాలి!

ఆ వారమంతా వంటమాస్టారు ఆమె కనబడితే చాలు, చెంచాల సొరుగుకు అడ్డంగా నిలబడేవాడు. "నువ్వు తీయలేదు కదే?" అని మొగుడు ఒక్కసారే అడిగాడు. అడిగిన పాపానికి రెండు రోజులు తన వంట తనే చేసుకున్నాడు. మెరుపమ్మ మాత్రం నోరు విప్పలేదు, కంట నీరు పెట్టలేదు. ఆమె కడుపులో ఒక రహస్యం ఉంది. దొంగతనం కాదు. దొంగతనం కన్నా సిగ్గుచేటు అని ఆమె అనుకుంటున్నది.

శుక్రవారం పొద్దున్నే అందరినీ హాల్లో నిలబెట్టారు. వెండి నిపుణుణ్ణి మళ్ళీ పిలిపించి, టీపాట్ పెట్టిన బల్ల ముందు కూర్చోబెట్టారు.

"తప్పు నాదే బాబూ," అంది మెరుపమ్మ. మేనేజరు గబగబా పెన్ను తీశాడు.

"ఆ టీపాట్ అడుగున నేను చేరిన్నాడే మురికి చూశాను. పక్కపక్కనే నాలుగు మచ్చలు, గీతల్లో నలుపు ఇరుక్కుపోయి. పొడి వేసి, బ్రష్షుతో, పుల్లతో, బొటనవేలితో రోజూ అరగంట రుద్దేదాన్ని. పదహారేళ్ళు పట్టింది అది వదలడానికి! వదిలిందని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. కానీ..." ఆమె కొంగుతో టీపాట్ మూత ఒకసారి తుడిచింది. "అబద్ధం చెప్పాను బాబూ. పూర్తిగా వదల్లేదు."

నిపుణుడి చేతిలోని భూతద్దం ఒళ్ళో పడింది. "వదల్లేదంటే?"

"చూడండి," అని ఆమె టీపాట్ బోర్లించి, నోరు తెరిచి అడుగు మీద హా అని ఊపిరి వదిలింది. వెండి మీద ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలో మసకమసకగా ఒక తోక, నాలుగు కాళ్ళు, ఆ పక్కన ఒక తల, ఒక అక్షరం తేలాయి. "చూశారా? ఊపిరి తగిలితే చాలు, దరిద్రం మళ్ళీ పైకొస్తుంది!"

"అది మురికి కాదు తల్లీ, సింహం!" అని నిపుణుడు అరిచాడు. "పదహారేళ్ళు సింహాన్ని తోమేశావు!"

ఆవిరి ఆరి, సింహం మాయమైంది. నిపుణుడు మళ్ళీ ఊపిరి వదిలాడు. మేనేజరూ వదిలాడు. వంటమాస్టారు వంగితే మాత్రం ఉల్లిపాయ వాసనకి అందరూ వెనక్కి తగ్గారు. ఏడాది అక్షరం జాబితాతో సరిపోయింది. తగ్గిన తూకమంతా ఆమె తోముడు చలవే. టీపాట్ అదే, అచ్చంగా అదే.

"సరేలే, వెళ్ళి పని చూసుకో," అన్నాడు మేనేజరు, ఎటో చూస్తూ.

మెరుపమ్మ కదల్లేదు. "దొంగనని వీళ్ళందరి ముందే అన్నారు. కాదన్న మాటా వీళ్ళ ముందే అనండి."

మేనేజరు గడ్డం కిందకేసుకుని ఏదో గొణిగాడు.

"వినపడలేదు బాబూ."

"మీరు తీయలేదమ్మా," అన్నాడాయన, ఈసారి హాలంతా వినపడేలా. "తప్పంతా నాది."

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. నలుగురూ ఉన్నారన్న మొహమాటం లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. మేనేజరు కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె ఏడుపు తీరేదాకా ఎవ్వరూ పనిలోకి వెళ్ళలేదు.