రా నాయినో

లారీ దింపిన చోటి నుంచి పోస్టుకు ఏడు గంటల నడక. నవంబరు ఆఖరు. ఉత్తర కశ్మీర్ సరిహద్దు, పన్నెండు వేల అడుగుల ఎత్తు. భుజాన రైఫిల్, వీపున ఇరవై కిలోల మూట. పైకి చేరగానే సుబేదార్ సాబ్ అన్న మొదటి మాట: "మంచు పడితే దారి మూసుకుపోతుంది. ఏప్రిల్ దాకా ఎవడూ దిగడు." నేను చౌటుప్పల్ ఎండల్లో పెరిగినవాణ్ణి. అంతకుముందు మంచును ఐస్ డబ్బాలోనే చూశాను.

ఊళ్లో బాపుకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. నా సెలవు అయిపోయిన వారంలోనే ఆక్సిజన్ పెట్టారు. ఆయన ఉండగా ఒక్కసారి ఇల్లు చేరాలి. ఆ చలికాలమంతా నాకు వేరే ఆశ లేదు.

వారానికోసారి శాటిలైట్ ఫోన్, మనిషికి మూడు నిమిషాలు. బాపు ఆయాసపడుతూ ఎప్పుడూ ఒకటే అనేవాడు.

"నాకేం ఫికర్ లేదు. నువ్వు డ్యూటీ మంచిగ చేస్కో."

రమ్మని ఒక్కసారీ అనలేదు. అనడని తెలుసు. మొండి మనిషి.

బంకర్‌లో నా పక్క మంచం వైర్‌లెస్ చూసుకునే సిగ్నల్‌మన్‌ది. షిల్లాంగ్ వాడు. ఇంగ్లిష్ రాక్ పాటలంటే పడి చచ్చేవాడు. చలి కాచుకునే కిరోసిన్ బుఖారీ పక్కన కూర్చుని ఫోన్‌లో అవే వేసేవాడు. నాకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండేది.

ఒకరోజు కాపలా దిగి వచ్చి బూట్ల మంచు దులుపుకుంటున్నాను. ఆ గిటార్ల మోత మధ్య పాడేవాడు గొంతు చించుకుని "రా నాయినో" అన్నాడు. చేతిలో బూటు జారిపోయింది. కొడుకును నాయినా అనడం మా వైపు ముద్దు. బాపు గట్టు మీద నిలబడి, చివర సాగదీసి, నన్ను అన్నానికి పిలిచేది అట్లాగే. పాట మళ్లీ వేయమన్నాను. ఇంకోసారి వేయమన్నాను. ఫోన్‌లో బాపు మింగేసిన మాట ఎవడో పరాయి దేశం వాడు నాకు చేరవేస్తున్నాడు అనిపించింది. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మరునాడే సుబేదార్ సాబ్ ముందు నిలబడ్డాను. ఆయన వైర్‌లెస్‌లో కింది క్యాంపును అడిగారు.

"ఒక జవానును దించాలి. హెలికాప్టర్ వస్తుందా? ఓవర్."

"వాతావరణం బాగాలేదు. రాదు. ఓవర్."

"నడిపించి పంపనా? ఓవర్."

"మంచు చరియలు విరిగిపడుతున్నాయి. పంపొద్దు. ఓవర్."

సాబ్ నా భుజం మీద చెయ్యి వేసి, "చూద్దాం బేటా" అన్నారు. ఆయన మాత్రం ఏం చేస్తారు.

ఆ పూటే సిగ్నల్‌మన్‌ను అడిగాను, పాటలో వాడు ఎవర్ని పిలుస్తున్నాడని.

"పిలవడం ఎక్కడిది? 'రన్, ఐ నో' అంటున్నాడు. పారిపో, నాకు తెలుసు అని. దోస్తును పారిపొమ్మంటున్నాడు."

"కాదు, రమ్మంటున్నాడు," అని బాపు సంగతి చెప్పాను.

వాడు ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నీకెట్లా వినిపిస్తే అట్లాగే విను భాయ్. పాడినవాడు ఇక్కడికొచ్చి నీతో తగువు పడతాడా?"

కానీ అర్థం తెలిశాక చెవి చెడిపోయింది. ఒకసారి రమ్మన్నట్టు వినిపించేది, ఒకసారి పొమ్మన్నట్టు. వాడి తప్పేం లేదు. అయినా రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

జనవరిలో కబురు వైర్‌లెస్‌లో వచ్చింది. సిగ్నల్‌మనే అందుకున్నాడు. హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు, అంతే. బాపు పోయాడని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు కూడా నా వంతు కాపలా నేనే కాశాను.

ఏప్రిల్‌లో దారి తెరిచారు. ఇల్లు చేరేసరికి దినాలు ఎప్పుడో అయిపోయాయి. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, తర్వాత చాయ్ పెట్టి ఇచ్చింది. అడగొద్దనుకుంటూనే అడిగాను.

"అమ్మా, ఆఖరికి బాపు నన్ను రమ్మన్నడా?"

"భువనగిరి దవాఖానల నోట్లె పైపు పెట్టిండ్రు బిడ్డా, ఇగ మాటెక్కడిది? నీ పేరు చెవుల జెప్పిన. చెయ్యి ఆడిచ్చిండు."

"రమ్మన్నట్టా, వద్దన్నట్టా?"

"గదే నాకు తెల్వలే. గిట్ల."

అమ్మ చెయ్యి చాపి చూపింది. అరచెయ్యి నేలవైపు తిరిగి ఉంది. నాలుగు వేళ్లు కొంచెం లేచాయి, కొంచెం వాలాయి. మళ్లీ చూపమన్నాను. మళ్లీ అంతే.

ఫౌజు విడిచి ఏళ్లయింది. ఇప్పుడు మా ఊళ్లోనే ఒక ఫ్యాక్టరీ గేటు కాస్తున్నాను. ఆ వేళ్లు ఇంకా నా ముందు ఆడుతూనే ఉన్నాయి.