ఇస్త్రీలోంచి స్త్రీని తీసేస్తే

మా మేనత్త అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె ఇస్త్రీ అత్తే. మెట్ల కింది గదిలో బల్ల వేసుకుని, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా నిలబడి బట్టలు ఇస్త్రీ చేసేది. మూటలు తానే చంకన పెట్టుకుని పై అంతస్తులకు ఎక్కేది, నలిగిన బట్టలు పోగుచేసుకుని దిగేది. నోరు మాత్రం చేతికంటే జోరు. ఎవరైనా పేరడిగితే, "ఇస్త్రీలోనే స్త్రీ ఉంది కదా, ఇంకో పేరెందుకు? స్త్రీని తీసేస్తే మిగిలేది 'ఇ' ఒక్కటే" అంటూ పళ్లన్నీ బయటపెట్టి ఇకిలించేది.

యాభై దగ్గరపడ్డాక అత్తకు నెలసరి ఆగిపోయింది. పీడ విరగడైందనుకుంది. తర్వాత మొదలైంది సెగ. ఉన్నట్టుండి గుండెల్లోంచి లేచి మొహానికి ఎక్కేది, ఒళ్లంతా చెమటతో తడిసిపోయేది. నిద్ర కూడా కరువైంది. మొగుడికి చెప్పుకోవడానికి సిగ్గు. నాకు చెప్పింది, అదీ గుసగుసగా.

"డాక్టరు దగ్గరికి పోదాం పదత్తా" అన్నాను.

"ప్రతి ఆడదానికీ వచ్చేదే. దీనికి డాక్టరెందుకే?" అని కొట్టిపారేసింది.

మామయ్య బస్సు డ్రైవరు. మంచివాడు. మంచివాళ్లు చేసే చెరుపుకు విరుగుడు లేదని నాకు ఆయన్ను చూశాకే తెలిసింది. ఒకరోజు బల్లమీద వాలి విసురుకుంటున్న అత్తను చూసి, "ఆ పెట్టె వేడంతా నీ ఒంటికెక్కింది. చేసిన చాకిరీ చాలు, ఇక కూర్చో" అన్నాడు. మర్నాడే ఇస్త్రీపెట్టెను పక్కవీధి టైలరుకు ఇచ్చేశాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసి, ఎదురుగా కొత్త ఫ్యాను పెట్టాడు. పుల్ల తీసి అవతల పెట్టనిచ్చేవాడు కాదు. వీధిలో ఆడవాళ్లు "పెట్టి పుట్టింది" అని కుళ్లుకున్నారు.

సెగ మాత్రం పోలేదు. "పెట్టె పోయింది కదా, మరి ఇదెక్కడిదే?" అని అత్త నన్నడిగేది. మామయ్యకు చెప్పమంటే నోటిమీద వేలేసుకునేది. కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగిశాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గలగలలాడే మనిషి గోడవైపు చూస్తూ ఉండిపోతుంటే నాకు ఒళ్లు మండేది. కానీ ఎవరిమీద అరవను? అడ్డంగా ఉన్నది ఆయన ప్రేమే.

రెండేళ్లు గడిచాయి. ఒకనాడు స్నానాలగది గడప దగ్గర అత్త కాలు జారింది. పెద్దగా పడింది కూడా కాదు, గోడ పట్టుకుని కూలబడిందంతే. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఈవిడకి ఎప్పుడు ఆగిపోయింది?" అని అడిగింది.

అడిగింది పని గురించే అనుకున్నాడు మామయ్య. "రెండేళ్లయిందమ్మా. నేనే ఆపించాను."

"మీరు ఆపించారా?"

"మరి? తనంతట తాను ఆపుతుందా! బలవంతాన ఆపించాను."

డాక్టరమ్మ తెల్లబోయింది. అంత నొప్పిలోనూ అత్త కిసుక్కున నవ్వింది. అసలు సంగతి నేనే మామయ్య చెవిలో చెప్పాల్సివచ్చింది. సెగ గురించీ, పెట్టె మాన్పించడం గురించీ డాక్టరమ్మకూ చెప్పాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆ సెగ పెట్టెది కాదండీ. నెలసరి ఆగే వయసులో చాలామందికి వచ్చేదే. చూపించుకుంటే తగ్గించేవాళ్లం. ఆ వయసులోనే ఎముకలు గుల్లబారతాయి. నిలబడడం, మెట్లెక్కడం, బరువులు మోయడం వాటికి బలం. ఆ బలమే లేకుండా పోయింది" అంది.

ఆపరేషను అయింది. "మళ్లీ నా బల్ల దగ్గర నిలబడితే చాలు, ఇంకేం అడగను" అనేది అత్త. మామయ్య టైలరును బతిమాలి పెట్టె వెనక్కి తెచ్చాడు. బల్లమీద తన చొక్కా పరిచి, పెట్టె వేడి చేసి పిలిచాడు. అత్త వాకరు పట్టుకుని నెమ్మదిగా వచ్చి నిలబడింది. పెట్టె అందుకోవాలంటే వాకరు మీది చెయ్యి తియ్యాలి. తీసింది. కాళ్లు వణికాయి. గభాలున మళ్లీ పట్టుకుంది. ఇంకోసారి తీసింది, ఇంకోసారి పట్టుకుంది. చివరికి నేను కుర్చీ జరిపితే కూలబడింది.

మామయ్యే పెట్టె ఎత్తి చొక్కా మీద పెట్టాడు.

"అక్కడ కాదయ్యా, ముందు కాలరు" అంది అత్త.

ఆయన కాలరు సర్దుతూనే వెక్కివెక్కి ఏడ్చాడు. అత్త నావైపు తిరిగి, "చెప్పలేదుటే? స్త్రీని తీసేస్తే మిగిలేది..." అని, అలవాటుగా పళ్లు బయటపెట్టింది.

ఆ ఒక్క అక్షరమూ నోట్లోంచి రాలేదు.