పాసింజరు ఆగే చోట

మొన్న పిఠాపురంలో పాసింజరెక్కి రాజమండ్రి బయల్దేరాను. కూతురింట్లో రెండు రోజులుండి రావాలని. సామర్లకోట దాటి కాస్త దూరం పోయిందో లేదో, పొలాల మధ్య ఒక చిన్న స్టేషన్లో పక్క లైనులోకి తప్పించి ఆపేశారు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందట. అది పోయాక ఇంకో ఎక్స్‌ప్రెస్. దాని వెనక బొగ్గు బండి. బొగ్గుకి కూడా మాకంటే తొందర పనులున్నాయి కాబోలు. ఎదురుగా కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోను చూసి, "ఇందులో రైట్ టైమే చూపిస్తోందండి మామ్మగారూ" అంది. ఫోనులో రైట్ టైముకి పోతున్న బండిలో మేమంతా చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాం. కొత్త లైను వేశాక ఇక ఆగడమే ఉండదని చెప్పినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో. తల బయటపెట్టి చూద్దును కదా, అదే స్టేషను. పసుపు బోర్డు మీద పేరు ఇప్పుడు కూడబలుక్కుని చదవగలను. మనవలు బడికి పోతున్న వయసులో నేను అక్షరాలు దిద్దుకున్నాను. రోజూ అక్కడ చేపలమ్మిన కాలంలో ఆ బోర్డు నాకు వట్టి పసుపు రేకు. మా అత్తకీ అంతే. మేమిద్దరం ఆ ఊరిని "క్రాసింగు" అనేవాళ్ళం.

మాది ఉప్పాడ పక్కన రేవు. తెల్లవారకముందే పడవల దగ్గర వేలం పాటలో చేపలు పాడుకుని, ఐసు చల్లి, గంపలు ఆటోలో వేసుకుని పిఠాపురం వచ్చేవాళ్ళం. పాసింజరు చివరి పెట్టెలో తలుపు పక్క నేల మాది. గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఆఫీసులకి పోయే ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మమ్మల్ని దాటుకుపోయేవారు, శనివారం సాయంత్రం మాత్రం తిరుగు బండిలో మా పక్కకే వచ్చి "రేపు వంజరం తెస్తారా?" అని మెల్లగా అడిగేవారు. రాజమండ్రి బజారులో ఒక గోడ నీడన అత్తకి చోటుండేది. అంతకుముందు అది వాళ్ళ అమ్మ కూర్చున్న చోటు. దానికి కాగితం లేదు, పట్టా లేదు. ఎవరి కత్తిపీట అక్కడుంటే చోటు వాళ్ళది, అంతే. అత్త తర్వాత ఆ గోడ కింద నా కత్తిపీట ఉంటుందని నేను లోపల్లోపల మురిసిపోయేదాన్ని. మొగుడి సంపాదన సముద్రం దయ మీద ఉన్నప్పుడు ఆడదానికి ఒక నీడ చోటుండడం చిన్న ధైర్యం కాదు.

అయితే ఆ చోటుకి చేరడమే గండం. బండి రోజూ ఈ చిన్న స్టేషన్లో క్రాసింగు పడేది. నిజానికి మా పాసింజరుకి ఇక్కడ ఆగే లెక్కే లేదు, పెద్ద బండ్లకి దారివ్వడానికే ఆపేవారు. ఐసు కరిగి నీళ్ళు తలుపు కిందనించి పట్టాల మీదకి కారుతుంటే, చేప కళ్ళు లోపలికి పోతుంటే, అత్త ఎక్స్‌ప్రెస్సులో పోయేవాళ్ళ ఏడు తరాలనీ తిట్టేది. మేం చేరేసరికి బజారులో బేరాలు సగం అయిపోయేవి.

ఒకరోజు గట్టు మీద గేదెను తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "ఏం చేపలమ్మా?" అన్నాడు.

"కానాగంతలు బాబుగారూ. మీరు తీసుకోకపోతే రైలే తినేసేలా ఉంది" అంది అత్త.

ఆయన తలపాగా విప్పి అందులో కట్టించుకుపోయాడు. మర్నాడు నలుగురు గిన్నెలతో వచ్చారు. నెల తిరక్కుండా ఊరు ఊరే బండి వేళకి ప్లాట్‌ఫారం మీద నిలబడడం మొదలుపెట్టింది. స్టేషన్ మాస్టరు గారు వచ్చి కంపు కంపని కేకలేసేవారు, వాళ్ళావిడకి రొయ్యలిష్టమని తెలిశాక కేకలు కాస్త తగ్గాయి. క్రాసింగు తేలేసరికి మా గంపలు ఖాళీ. తర్వాతి స్టేషన్లో దిగి తిరుగు బండెక్కేసేవాళ్ళం. అదే అత్త ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ కూత వినబడగానే, "అప్పుడే వచ్చేసిందా సచ్చినోడిది, ఇంకా బేరం తెగలేదు" అనేది.

అలా రాజమండ్రి వెళ్ళడమే మానేశాం. గోడ కింద చోటు ఊరికే ఉంది. పక్కనే ఎండలో చంటిబిడ్డతో కూర్చుని అమ్ముకునే ఒక పడుచుపిల్లకి దాన్ని ఇచ్చేస్తానంది అత్త. నేను బతిమాలాను.

"ఆదివారాలకైనా వద్దాం, ఉంచుకో అత్తా. రేపు బండి ఆగకపోతే?"

"నా పెళ్ళయినకాడ్నించీ ఆగుతోంది. నువ్వు చెప్పేవని మానేస్తదేంటే? మనం కూర్చోకుండా చోటు కట్టేసుకుంటే పాపం. ఆ పిల్ల మాడిపోతోంది."

ఇచ్చేసింది. తమలపాకులు, వక్క, అరటిపళ్ళు పెట్టి తాంబూలమిచ్చి మరీ ఇచ్చింది. మావాళ్ళలో తాంబూలమిచ్చిన చోటు మళ్ళీ అడగరు. నోరు తెరిచి అడిగితే కులంలో తలెత్తుకోలేం.

తర్వాత కొత్త లైను వచ్చింది. ఆ పొద్దున అత్త ఎవరి పోగు వాళ్ళకి వేరుచేసి, తలుపు దగ్గర కొంగు దోపుకుని నిలబడింది. దూరంగా గిన్నెలు కనబడ్డాయి. బండి నెమ్మదించలేదు. చేతుల్లో గిన్నెలు అలాగే ఎత్తి పట్టుకున్న మనుషులు మా ముందునించి సర్రున వెనక్కి పోయారు.

"ఒసే, ఆపడం మర్చిపోయేడే!" అని అరిచింది అత్త.

పెట్టెలో ఎవరో "ఇవాళ రైట్ టైమండోయ్!" అని చప్పట్లు కొట్టారు.

ఎన్నడూ లేనిది బజారు తెరవకముందే రాజమండ్రిలో దిగాం. గంపలు నిండుగా ఉన్నాయి, దించుకునే చోటు లేదు. గోడ కింద ఆ పిల్ల మమ్మల్ని చూసి లేచి, "కూర్చో పిన్నీ, ఇవాల్టికి" అని కత్తిపీట పక్కకి జరిపింది. నేను కూర్చోబోయాను. అత్త నా జబ్బ పట్టుకుని లాగింది.

"తాంబూలమిచ్చేనే" అని మాత్రం అంది.

గంప నెత్తికెత్తుకుని వీధుల్లోకి నడిచాం. మా ఖర్మకి మొదటి వీధంతా కిరాణా కొట్లవాళ్ళ ఇళ్ళే, చేప వాసనకే తలుపులు వేసుకునేవాళ్ళు. అత్త మోకాళ్ళు ఆ రోజునుంచే పట్టేశాయి. కొన్నాళ్ళకి బండి మళ్ళీ క్రాసింగులో ఆగడం మొదలైంది, కొత్త లైను కూడా నిండిపోయిందట. తలుపులోంచి అత్త "కానాగంతలండీ" అని ఎంత పిలిచినా ఒక్క గిన్నె రాలేదు. ఈలోగా ఆ ఊరికి మోటారు సైకిలు మీద ఐసు పెట్టెతో చేపలవాడు వచ్చేస్తున్నాడు.

ఆలస్యాన్ని తిట్టుకుని తిట్టుకుని, చివరికి దానిమీదే బతకడం నేర్చుకోవడానికి అత్తకి సగం జీవితం పట్టింది, దాన్ని లాగేసుకోవడానికి రైలుకి ఒక్క పొద్దు చాలింది. అత్త పోయేదాకా ఆ ఒక్క పొద్దునే తిట్టింది. ఎంత కాలం గడిచినా నాకూ ఆ పొద్దు మీద కోపం తగ్గలేదు.